75 వాట్ల గ్రాఫిక్స్ కార్డుని కంపెనీ కూలర్‌తోనే సేఫ్‌గా ఓవర్‌క్లాక్ చేయడం ఎలా

ఎన్విడియా జీటీఎక్స్ 1650 లాంటి చిన్న గ్రాఫిక్స్ కార్డుని ఓవర్‌క్లాక్ చేయాలనుకునేవాళ్లలో, అంటే కంపెనీ పెట్టిన వేగం కంటే ఎక్కువ వేగంతో నడపాలనుకునేవాళ్లలో, చాలామంది పెద్ద కార్డుల వీడియోలు చూసి మొదలుపెడతారు. కోర్ క్లాక్ (కార్డులోని ప్రధాన చిప్ నడిచే వేగం) స్లైడర్‌ని కుడివైపుకి లాగడం, గేమ్ క్రాష్ అయితే కాస్త వెనక్కి జరపడం, అంతే. ఈ కార్డుల దగ్గర ఆ పద్ధతి సాగదు. 1650కి ఎన్విడియా పెట్టిన పవర్ పరిమితి 75 వాట్లు. మదర్‌బోర్డు స్లాట్ నుంచి ఒక కార్డు తీసుకోగలిగేది కూడా మొత్తం 75 వాట్లే. అందుకే ఈ కార్డుకి ముందు కరెంటు అడ్డం పడుతుంది, ఆ తర్వాత దాని మీదున్న చిన్న అల్యూమినియం కూలర్ అడ్డం పడుతుంది. క్లాక్ సంగతి మూడోది. మొదటి రెండింటినీ దారికి తెచ్చుకుంటే క్లాక్ చాలావరకు దానంతట అదే పెరుగుతుంది.

కాబట్టి ఇక్కడ వరుస ఇలా ఉంటుంది: ముందు చల్లదనం, తర్వాత మెమరీ, ఆ తర్వాత కోర్, చివరికి వోల్టేజ్ తగ్గించడం. వోల్టేజ్ పెంచడం అనే మాట ఈ కార్డులకి వద్దే వద్దు.

2019 ఏప్రిల్‌లో వచ్చిన 1650నే ఉదాహరణగా తీసుకుంటున్నాను. 1050 టీఐ, 1650 సూపర్, 3050 ఉన్నవాళ్లకీ దారి ఇదే, అంకెలు మారతాయి. ల్యాప్‌టాప్ ఉన్నవాళ్లు మాత్రం దీన్ని పాటించకండి. చాలా ల్యాప్‌టాప్‌లలో ప్రాసెసర్, గ్రాఫిక్స్ చిప్ రెండూ ఒకే హీట్ పైపుల మీద ఆధారపడతాయి. ఒకదాన్ని తోస్తే రెండోది వేడెక్కుతుంది.

ఎంత లాభం వస్తుందో ముందే అనుకుని మొదలుపెట్టండి. 5 నుంచి 10 శాతం. 50 ఎఫ్‌పీఎస్ (సెకనుకి కనిపించే ఫ్రేములు) వచ్చే గేమ్‌లో 53, 54, బాగా కలిసొస్తే 55. అంతకంటే ఎక్కువ కావాలంటే సెట్టింగ్స్ తగ్గించుకోవాలి, లేదా కార్డు మార్చాలి.

అసలు మీకు దీని అవసరం ఉందా

ముందు ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ వేసుకోండి. కార్డు క్లాక్‌లు, వోల్టేజ్, ఫ్యాన్ వేగం మార్చే ప్రోగ్రాం ఇది. ఏ కంపెనీ కార్డుకైనా పనిచేస్తుంది, ఉచితం. ఎంఎస్‌ఐ సొంత వెబ్‌సైట్ నుంచే దించుకోండి. దాని పేరుతో నకిలీ సైటు పెట్టి వైరస్ పంచుతున్నారని 2021లో ఎంఎస్‌ఐ స్వయంగా హెచ్చరించింది. గూగుల్‌లో పైన కనిపించిన ప్రకటన మీద గుడ్డిగా నొక్కకండి. దాంతోపాటే రివాట్యూనర్ స్టాటిస్టిక్స్ సర్వర్ కూడా వస్తుంది. గేమ్ ఆడుతుండగా స్క్రీన్ మూలన అంకెలు చూపించేది అదే. అందులో జీపీయూ (గ్రాఫిక్స్ చిప్) వాడకం, జీపీయూ ఉష్ణోగ్రత, కోర్ క్లాక్, పవర్ శాతం, ఫ్యాన్ వేగం, ఎఫ్‌పీఎస్ పెట్టుకోండి.

ఇప్పుడు మీరు రోజూ ఆడే గేమ్ ఓ అరగంట ఆడండి. జీపీయూ వాడకం 95 శాతం పైన నిలకడగా ఉంటే ఓవర్‌క్లాక్ వల్ల ప్రయోజనం ఉంటుంది. 60, 70 దగ్గర ఊగిసలాడుతుంటే కార్డు ఖాళీగా ఉంది, ప్రాసెసర్ అందుకోలేకపోతోంది అని అర్థం. ఎఫ్‌పీఎస్‌కి మీరే గేమ్‌లో లిమిట్ పెట్టుకున్నా, వీసింక్ (ఎఫ్‌పీఎస్‌ని మానిటర్ వేగానికి కట్టేసే సెట్టింగ్) ఆన్‌లో ఉన్నా కూడా ఇలాగే కనిపిస్తుంది, కాబట్టి ముందు అవి తీసేసి చూడండి. వాలరెంట్‌ని తక్కువ సెట్టింగ్స్‌లో ఆడేవాళ్లకి చాలాసార్లు ప్రాసెసరే అడ్డం. అక్కడ కార్డుని ఎంత పెంచినా ఎఫ్‌పీఎస్ కదలదు.

మన దగ్గర బడ్జెట్ పీసీల్లో తరచూ కనిపించే లోపం ఇంకొకటుంది: ఒకే ఒక్క 8 జీబీ ర్యామ్ స్టిక్. రెండో స్టిక్ వేసి డ్యూయల్ ఛానల్ చేసుకుంటే, బయోస్‌లో (మదర్‌బోర్డు సెట్టింగ్స్‌లో) ఎక్స్‌ఎంపీ ఆన్ చేసి ర్యామ్‌ని దాని పూర్తి వేగంతో నడుపుకుంటే, చాలా గేముల్లో ఓవర్‌క్లాక్ కంటే ఎక్కువ తేడా వస్తుంది. ముందు ఆ పని చేసి, ఆ తర్వాత కార్డు జోలికి రండి.

కార్డు, ఎస్‌ఎంపీఎస్, కేబినెట్: మూడూ చూసుకోండి

మీ కార్డుకి పక్కన 6 పిన్ పవర్ కనెక్టర్ ఉందో లేదో చూడండి. లేకపోతే కరెంటు మొత్తం స్లాట్ నుంచే వస్తోంది. ఆ 75 వాట్లలో 12 వోల్టుల లైన్ నుంచి వచ్చేది దాదాపు 66 వాట్లు, మిగతాది 3.3 వోల్టుల లైన్‌ది. ఇలాంటి కార్డుల్లో పవర్ లిమిట్ స్లైడర్ సాధారణంగా 100 శాతం దాటి జరగదు. జరగకపోవడమే మంచిది. దాన్ని దాటించడానికి వేరే కార్డు బయోస్ (కార్డు లోపలి సాఫ్ట్‌వేర్) ఎక్కించమని సలహా ఇచ్చేవాళ్లు దొరుకుతారు. వినకండి. లాభం గోరంత, రిస్క్ కొండంత. కార్డు పోవచ్చు, మదర్‌బోర్డు స్లాట్ కూడా దెబ్బతినవచ్చు. 6 పిన్ ఉన్న కార్డుల్లో స్లైడర్ కొంత పైకి వెళ్తుంది, కంపెనీ ఇచ్చిన ఆ పరిధి వరకు వాడుకోవచ్చు.

ఎస్‌ఎంపీఎస్ (పీసీకి కరెంటు ఇచ్చే పవర్ సప్లై డబ్బా) విషయంలో మొహమాటం వద్దు. కేబినెట్‌తోపాటు ఉచితంగా వచ్చిన, మీద 450 వాట్లు అని రాసున్న డబ్బా మీద నమ్మకం పెట్టుకుని ఓవర్‌క్లాక్ మొదలుపెట్టకండి. లోడ్‌లో వోల్టేజ్ పడిపోయి పీసీ రీస్టార్ట్ అయితే తప్పు కార్డుదో సప్లైదో తెలియక తలపట్టుకుంటారు. పేరున్న కంపెనీది, 80 ప్లస్ (కరెంటు వృథా తక్కువని తెలిపే) గుర్తున్నది 400 నుంచి 450 వాట్లది ఉంటే ఈ కార్డుకి ధారాళంగా సరిపోతుంది. యూపీఎస్ ఉంటే దాని బ్యాటరీ వయసు కూడా గుర్తుపెట్టుకోండి. బ్యాటరీ బలహీనపడ్డ యూపీఎస్ గేమ్ మధ్యలో కరెంటు పోగానే పీసీని ఆపేస్తుంది. దాన్ని క్రాష్ అనుకుని క్లాక్‌లు తగ్గించుకుంటూ కూర్చుంటారు.

సెకండ్ హ్యాండ్ కార్డైతే జీపీయూ-జెడ్ అనే చిన్న ప్రోగ్రాం తెరిచి చూడండి. పాత చిప్‌కి కొత్త పేరు పెట్టి అమ్మిన ఎన్విడియా కార్డైతే పేరు ముందే ఫేక్ అని చూపించే సదుపాయం అందులో 2018 నుంచీ ఉంది. మెమరీ రకం, దాన్ని తయారుచేసిన కంపెనీ కూడా అక్కడే కనిపిస్తాయి. 1650లో మెమరీని బట్టి రెండు రకాలున్నాయి. మొదట వచ్చినవి జీడీడీఆర్5, 2020 నుంచి వచ్చినవాటిలో జీడీడీఆర్6. ఆఫ్టర్‌బర్నర్‌లో మెమరీ క్లాక్ 4001 దగ్గర చూపిస్తే మొదటిది, 6001 దగ్గర చూపిస్తే రెండోది. మీది ఏదో కాగితం మీద రాసుకోండి.

ఇక దుమ్ము. పీసీ ఆపి, ప్లగ్ పీకి, కార్డు బయటికి తీసి చూడండి. ఫ్యాన్ రెక్కల వెనక, అల్యూమినియం ఫిన్‌ల మధ్య బూడిదరంగు పీచులాంటి పొర పేరుకుని ఉంటుంది. వెలుతురుకి ఎదురుగా పట్టుకుంటే ఫిన్‌ల సందులు మూసుకుపోయింది స్పష్టంగా కనిపిస్తుంది. మెత్తని బ్రష్‌తో వదులు చేసి, బ్లోవర్‌తో ఊదండి. ఊదేటప్పుడు ఫ్యాన్‌ని వేలితో కదలకుండా పట్టుకోవాలి. గాలికి అది విపరీతమైన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది. ఫ్యాన్‌ని చేత్తో మెల్లగా తిప్పినప్పుడు గరగరమన్నా, ఒక చోట పట్టేసినట్టున్నా ముందు ఫ్యాన్ మార్పించండి. అలాంటి ఫ్యాన్‌తో ఓవర్‌క్లాక్ చేయకూడదు.

థర్మల్ పేస్ట్ (చిప్ వేడిని కూలర్‌కి అందించే పూత) మార్చాలా? వారంటీ ఉన్న కార్డుకి స్క్రూల మీద స్టిక్కర్ ఉంటే ముట్టుకోకండి. వారంటీ అయిపోయి, మూడు నాలుగేళ్లు వాడిన కార్డైతే మార్చడం వల్ల మంచి ఫలితమే ఉంటుంది. కూలర్ విప్పినప్పుడు మెమరీ చిప్‌ల మీద థర్మల్ ప్యాడ్‌లు ఉంటే అవి చిరగకుండా చూసుకోండి. ఎంత మందం ప్యాడ్ ఉందో అంతే మందంది మళ్లీ పెట్టాలి.

మన ఇళ్లలో అందరూ మర్చిపోయేది కంప్యూటర్ టేబుల్. దానికి కింద సీపీయూ కోసమని మూడు వైపులా చెక్కతో మూసిన అర ఉంటుంది. కేబినెట్ అందులో ఉంటే కార్డు వదిలిన వేడిగాలే మళ్లీ లోపలికి వస్తుంది. బయటికి తీసి, వెనక కనీసం జానెడు ఖాళీ ఉండేలా పెట్టండి. కేబినెట్ ముందు భాగంలో ఫ్యాన్ లేకపోతే ఒక 120 ఎంఎం ఫ్యాన్ కొని బిగించండి. సికింద్రాబాద్‌లో కంప్యూటర్ సామాను దొరికే సీటీసీ మార్కెట్‌లోనో, మీ ఊళ్లో కంప్యూటర్ షాపులోనో తేలిగ్గా దొరుకుతుంది. నా ఉద్దేశంలో బడ్జెట్ కార్డు మీద పెట్టే ఖర్చుల్లో ఇంతకంటే సార్థకమైనది లేదు. ఇంట్లో ఎయిర్ కూలర్ ఉంటే దాని గాలి తిన్నగా కేబినెట్ మీదికి రానివ్వకండి. చల్లగానే ఉంటుంది కానీ ఆ గాలిలో తేమ ఉంటుంది, దానికి దుమ్ము తోడై బోర్డుకి అంటుకుంటుంది.

మార్చకముందు ఎలా ఉందో రాసుకోండి

ఈ మెట్టు వదిలేసినవాళ్లకి చివర్లో తాము ఏం సాధించారో తెలియదు. యూనిజిన్ హెవెన్ అనే ఉచిత బెంచ్‌మార్క్, అంటే కార్డు వేగాన్ని కొలిచి స్కోర్ ఇచ్చే ప్రోగ్రాం, దించుకోండి. పాతదే, 2009 నాటిది. అయినా ఈ పనికి చక్కగా సరిపోతుంది. ఫుల్ స్క్రీన్ కాకుండా విండోలో నడపండి, పక్కనే ఆఫ్టర్‌బర్నర్ తెరిచి ఉంచండి. ఇరవై నిమిషాలు ఊరికే నడవనివ్వండి, కార్డు పూర్తిగా వేడెక్కాలి. అప్పుడు ఎఫ్9 నొక్కి స్కోర్ తీసుకోండి. చల్లగా ఉన్నప్పుడు తీసిన స్కోర్ ఎప్పుడూ కాస్త ఎక్కువే వస్తుంది, దాన్ని లెక్కలోకి తీసుకోకండి.

రాసుకోవాల్సినవి: స్కోర్, వేడెక్కాక నిలబడ్డ ఉష్ణోగ్రత, కోర్ క్లాక్ ఏ అంకెల మధ్య ఊగుతోంది, వోల్టేజ్ ఎంత, పవర్ ఎంత శాతం, ఫ్యాన్ ఎంత శాతం, గదిలో ఎంత వేడి ఉంది. జీడీడీఆర్5 రకం 1650కి ఎన్విడియా చెప్పిన బూస్ట్ క్లాక్ (లోడ్‌లో చేరే వేగం) 1665 మెగాహెర్ట్జ్. మీ కార్డు దానికంటే పైనే నడుస్తుండవచ్చు, ఆశ్చర్యపోకండి. చల్లదనం, పవర్ ఉన్నంతవరకు తనంతట తాను పైకి వెళ్లేలా ఆ చిప్‌ని తయారుచేశారు.

జీపీయూ-జెడ్‌లో సెన్సర్స్ అనే ట్యాబ్‌లో పర్ఫ్‌క్యాప్ రీజన్ అనే వరుస ఒకటుంటుంది. కార్డు ఎందుకు ఇంతకంటే పైకి వెళ్లడం లేదో అది చెబుతుంది. పవర్ అని వస్తే కరెంటు అడ్డం, థర్మల్ అని వస్తే వేడి అడ్డం, వోల్టేజ్ రిలయబిలిటీ అని వస్తే వోల్టేజ్ పరిమితి అడ్డం. చాలా 1650లలో పవర్ అనే వస్తుంది. మీకు ఏది వచ్చిందన్నదాన్ని బట్టి తర్వాత దేని మీద ఎక్కువ శ్రమ పెట్టాలో తెలుస్తుంది.

ఫర్‌మార్క్‌తో టెస్ట్ చేయమని కొందరు చెబుతారు. ఏ గేమూ పెట్టనంత లోడ్ పెట్టే ప్రోగ్రాం అది. బడ్జెట్ కార్డుల్లో వోల్టేజ్ రెగ్యులేటర్ భాగాల మీద చాలాసార్లు హీట్‌సింక్ ఉండదు, వాటి వేడి చూపించే సెన్సర్ కూడా ఉండదు. కనబడని చోట వేడెక్కించి మీకు వచ్చేదేమీ లేదు. దాన్ని పక్కన పెట్టండి.

ఫ్యాన్ కర్వ్

ఆఫ్టర్‌బర్నర్ సెట్టింగ్స్‌లో ఫ్యాన్ ట్యాబ్‌కి వెళ్లి సొంత కర్వ్ ఆన్ చేయండి. ఏ ఉష్ణోగ్రతకి ఫ్యాన్ ఎంత వేగంతో తిరగాలో చెప్పే గీతే ఈ కర్వ్. కంపెనీ ఇచ్చిన కర్వ్ చప్పుడు తక్కువ ఉండేలా పెడతారు, అందుకే కార్డు 75, 78 వరకు వెళ్లాక గానీ ఫ్యాన్ గట్టిగా తిరగదు. మీరు 50 డిగ్రీల దగ్గర 40 శాతం, 60 దగ్గర 55, 70 దగ్గర 70, 80 దగ్గర 95 ఇలా పెట్టుకుని మొదలుపెట్టండి. చప్పుడు భరించలేకపోతే మధ్యలో 5 శాతం తగ్గించుకోండి. అక్కడే హిస్టరిసిస్ అనే గడి ఉంటుంది, అందులో 3 లేదా 4 పెడితే ఫ్యాన్ నిమిషానికోసారి లేస్తూ పడుతూ చిరాకు పెట్టదు.

ఈ ఒక్క మార్పు చేసి హెవెన్ మళ్లీ నడపండి. స్కోర్ కాస్త పెరిగినా పెరగవచ్చు. ఈ తరం కార్డులు వేడెక్కే కొద్దీ 15 మెగాహెర్ట్జ్ చొప్పున మెట్లు దిగుతాయి. చల్లగా ఉంచితే ఆ మెట్లు దిగవు. ఓవర్‌క్లాక్ అనే పని ఇంకా మొదలుపెట్టకముందే వచ్చిన లాభం ఇది, దీనికి రిస్క్ అనేదే లేదు.

మెమరీ

జీడీడీఆర్5 రకం 1650లో మెమరీ బ్యాండ్‌విడ్త్ (మెమరీకి, చిప్‌కి మధ్య డేటా కదిలే వేగం) సెకనుకి 128 జీబీ. జీడీడీఆర్6 రకంలో 192. మొదటి రకం ఉన్నవాళ్లకి మెమరీ పెంచితే ఎక్కువ ఉపయోగం. ఆఫ్టర్‌బర్నర్‌లో +500 అంటే 4001 కాస్తా 4501 అవుతుంది, బ్యాండ్‌విడ్త్ 128 నుంచి 144కి చేరుతుంది. అంటే 12 శాతం పైన.

కానీ ఒకేసారి 500 పెట్టేయకండి. +100తో మొదలుపెట్టి, వంద చొప్పున పెంచుతూ, ప్రతిసారీ స్కోర్ తీసుకోండి. ఇక్కడ చాలామంది మోసపోయే చోటు ఒకటుంది. జీడీడీఆర్5లోనూ జీడీడీఆర్6లోనూ తప్పుల్ని పసిగట్టే ఏర్పాటు ఉంది. మెమరీ ఓపలేని వేగం పెట్టినా స్క్రీన్ మీద ఏమీ చెడకపోవచ్చు. తప్పు జరిగిన డేటాని మళ్లీ పంపించుకుంటూ కార్డు నెట్టుకొస్తుంది. దానివల్ల స్కోర్ తగ్గుతుంది. +600లో క్రాష్ కాలేదు కదా అని సంతోషపడేవాళ్ల కార్డు నిజానికి +400లో కంటే నెమ్మదిగా నడుస్తుండవచ్చు. కాబట్టి క్రాష్ కోసం ఎదురుచూడకండి. స్కోర్ పెరగడం ఎక్కడ ఆగిందో చూసుకుని, అక్కడి నుంచి వంద వెనక్కి వచ్చి ఆగండి.

మెమరీ పెంచినప్పుడు కోర్ క్లాక్ మీద కూడా కన్నేసి ఉంచండి. మెమరీ తినే కరెంటు కూడా ఆ 75 వాట్లలోదే. మెమరీకి ఎక్కువ పోతే కోర్‌కి తక్కువ మిగులుతుంది, క్లాక్ 15 లేదా 30 పడవచ్చు. మొత్తం మీద స్కోర్ పెరిగితే ఫర్వాలేదు.

చిన్న చిన్న మెరుపు చుక్కలు, రంగురంగుల గళ్లు కనిపిస్తే అవి సాధారణంగా మెమరీ తాలూకువి. హెవెన్‌లో డ్రాగన్ విగ్రహం మీద, చీకటిగా ఉన్న రాళ్ల మీద అవి స్పష్టంగా బయటపడతాయి. ఒక్కటి కనిపించినా వంద తగ్గించండి.

కోర్

మెమరీని తాత్కాలికంగా సున్నాకి తెచ్చి కోర్ చూసుకోవాలి. రెండూ ఒకేసారి కదిపితే ఏది పడగొట్టిందో తెలియదు. +50తో మొదలుపెట్టి, ఆ పైన 15 చొప్పున వెళ్లండి. కార్డు క్లాక్ మారేదే 15 మెట్లలో, కాబట్టి 3, 4 పెంచడం వృథా. ప్రతి మెట్టులోనూ పది నిమిషాలు హెవెన్ చూస్తూ కూర్చోండి. త్రికోణాలు సాగినట్టు, ఏదో గోడ ఒక్క క్షణం స్క్రీన్ అడ్డంగా మెరిసి మాయమైనట్టు కనిపిస్తే కోర్ హద్దు దాటింది.

ఇంకా ముందుకెళ్తే స్క్రీన్ ఒక క్షణం నల్లబడి, డ్రైవర్ రీస్టార్ట్ అయి, హెవెన్ మూసుకుపోతుంది. కంగారు పడకండి, కార్డు చెడిపోలేదు. గ్రాఫిక్స్ డ్రైవర్ రెండు సెకన్లలోపు జవాబివ్వకపోతే విండోస్ దాన్ని తనే ఆపి మళ్లీ మొదలుపెడుతుంది. మీరు స్లైడర్‌ని 30 వెనక్కి జరిపి, పీసీ ఒకసారి రీస్టార్ట్ చేసి మళ్లీ మొదలుపెట్టండి. డ్రైవర్ ఒకసారి పడిపోయాక రీస్టార్ట్ చేయకుండా చేసిన టెస్ట్‌ని నమ్మలేం.

పవర్ అడ్డం ఉన్న కార్డులో మీరు +120 పెట్టినా తెరమీద క్లాక్ 40, 50 కంటే పెరగకపోవచ్చు. స్లైడర్ అబద్ధం చెప్పడం లేదు. ఆ క్లాక్‌కి కావాల్సిన కరెంటు దొరక్క కార్డు తక్కువ వోల్టేజ్ దగ్గరికి దిగి నడుస్తోంది. దీనికి మందు తర్వాతి భాగంలో ఉంది.

వోల్టేజ్ తగ్గించడం: అసలు లాభం ఇక్కడే

చిప్ తినే కరెంటు క్లాక్‌తోపాటు నేరుగా పెరుగుతుంది, వోల్టేజ్ పెరిగితే దాని వర్గం లెక్కన పెరుగుతుంది. 1.000 వోల్టు నుంచి 0.900కి దించితే, క్లాక్ అదే ఉన్నప్పుడు, 0.9ని 0.9తో గుణిస్తే 0.81. అంటే స్విచ్చింగ్‌కి పోయే కరెంటులో సుమారు 19 శాతం మిగులు. ఇంటి బడ్జెట్‌లో అద్దె తగ్గితే మిగతా అవసరాలకి డబ్బు మిగిలినట్టు, ఆ మిగులుతో 75 వాట్ల కార్డు ఎక్కువ క్లాక్‌ని నిలకడగా పట్టుకోగలుగుతుంది. వేడి కూడా తగ్గుతుంది, ఫ్యాన్ చప్పుడూ తగ్గుతుంది. చిన్న కార్డులకి నేను గట్టిగా చెప్పేది ఈ పద్ధతే. మీకు ఓపిక ఒక్కదానికే ఉంటే మిగతావన్నీ వదిలేసి ఇది చేయండి.

ఎలాగంటే: ఆఫ్టర్‌బర్నర్‌లో కంట్రోల్ పట్టుకుని ఎఫ్ నొక్కితే ఒక గ్రాఫ్ తెరుచుకుంటుంది. అడ్డంగా వోల్టేజ్, నిలువుగా క్లాక్. మధ్యలో చుక్కల వరుస. ఒక్కో చుక్క అంటే ఇంత వోల్టేజ్‌కి ఇంత క్లాక్ అని.

మీరు మొదట రాసుకున్న వోల్టేజ్ చూడండి. లోడ్‌లో 1.000 దగ్గర ఉంటే, 75 నుంచి 100 మిల్లీవోల్టులు తక్కువ ఉన్న చుక్కని, అంటే 0.900 నుంచి 0.925 మధ్య ఒకదాన్ని ఎంచుకోండి. ముందు ప్రధాన విండోలో కోర్ స్లైడర్‌ని −200 చేసి అప్లై నొక్కండి, గ్రాఫ్ మొత్తం కిందికి దిగుతుంది. ఇప్పుడు మీరు ఎంచుకున్న చుక్కని మౌస్‌తో పట్టుకుని, మొదట్లో మీ కార్డు వేడెక్కాక నిలబడ్డ సగటు క్లాక్ ఏదో, అక్కడి వరకు పైకి లాగండి. మళ్లీ అప్లై. ఆ చుక్కకి కుడివైపు ఉన్నవన్నీ అదే ఎత్తులో సమంగా గీత గీసినట్టు అయిపోతాయి. అంటే కార్డు ఇక ఆ వోల్టేజ్ దాటి పైకి వెళ్లదు.

హెవెన్ నడిపి చూడండి. పవర్ శాతం తగ్గి, ఉష్ణోగ్రత కొన్ని డిగ్రీలు దిగి, కోర్ క్లాక్ ఊగకుండా ఒకే అంకె మీద నిలబడి కనిపించాలి. ఆ నిలకడ వల్ల గేమ్‌లో ఎఫ్‌పీఎస్ ఎగుడుదిగుళ్లు కూడా తగ్గుతాయి. క్రాష్ అయితే చుక్కని 15 కిందికి దించండి, లేదా ఒక మెట్టు ఎక్కువ వోల్టేజ్ ఉన్న చుక్క తీసుకోండి. బాగా నడిస్తే అదే వోల్టేజ్ దగ్గర 15 చొప్పున పైకి లాగుతూ వెళ్లండి. పవర్ శాతం మళ్లీ 100కి తగిలేదాకా, లేదా క్రాష్ అయ్యేదాకా వెళ్లి, అక్కడి నుంచి రెండు మెట్లు వెనక్కి రండి. ఒకే మోడల్ కార్డులు రెండు తీసుకున్నా ఈ అంకెలు కలవవు. పక్కవాళ్ల అంకెలు మొదలుపెట్టడానికి మాత్రమే పనికొస్తాయి.

ఇంత చేతిపని వద్దనుకుంటే ఆఫ్టర్‌బర్నర్‌లోనే ఓసీ స్కానర్ ఉంది, తనే టెస్ట్ చేసుకుని కోర్ కర్వ్ ఇస్తుంది. ఏఎండీ కార్డున్నవాళ్లకి అడ్రినలిన్ సాఫ్ట్‌వేర్‌లోనే వోల్టేజ్ తగ్గించే ఆటోమేటిక్ ఆప్షన్ దొరుకుతుంది. రెండూ సురక్షితమే. కానీ చేత్తో చేసినప్పుడు వచ్చేంత మిగులు వాటిలో రాదని నా అభిప్రాయం.

అన్నీ కలిపి టెస్ట్ చేయడం

ఇప్పుడు కోర్ కర్వ్, మెమరీ రెండూ కలిపి పెట్టండి. విడివిడిగా నిలబడ్డవి కలిపితే నిలబడకపోవచ్చు, అప్పుడు ముందు మెమరీని తగ్గించి చూడండి. హెవెన్ ఓ అరగంట, ఆ తర్వాత ఓసీసీటీ అనే ప్రోగ్రాంలో వీర్యామ్ (కార్డు మెమరీ) టెస్ట్. ఆ టెస్ట్ తప్పుల్ని లెక్కపెట్టి చూపిస్తుంది. అక్కడ సున్నా తప్ప ఇంకే అంకె వచ్చినా ఒప్పుకోకండి.

బెంచ్‌మార్క్‌లో గంటల తరబడి నడిచినది గేమ్‌లో పది నిమిషాల్లో పడిపోవడం మామూలే. ఒక్కో గేమ్ చిప్‌లో ఒక్కో భాగాన్ని వాడుకుంటుంది. అందుకే ఓ వారం పది రోజులు మీ గేములన్నీ ఆడండి. ఈలోగా ఈ సెట్టింగ్స్‌ని ఆఫ్టర్‌బర్నర్‌లో ఒక నంబర్ కింద ప్రొఫైల్‌గా సేవ్ చేసుకుని, ఆడేముందు చేత్తో ఆన్ చేసుకోండి. విండోస్‌తోపాటే అప్లై అయ్యే ఆప్షన్‌ని ఈ వారం ముగిశాకే పెట్టండి. తొందరపడి ముందే పెడితే, అస్థిరంగా ఉన్న సెట్టింగ్ ప్రతి స్టార్టప్‌లోనూ ఎక్కి డెస్క్‌టాప్ కూడా రానివ్వకపోవచ్చు. అలాంటి పరిస్థితి వస్తే సేఫ్ మోడ్‌లోకి వెళ్లి ఆఫ్టర్‌బర్నర్ తీసేస్తే చాలు. సెట్టింగ్స్ కార్డులో ఉండవు, ఆ ప్రోగ్రాంలోనే ఉంటాయి. ఓవర్‌క్లాక్ వల్ల వచ్చిన నష్టాన్ని చాలా కంపెనీల వారంటీ కవర్ చేయదు. మీ కార్డు వారంటీ కాగితం ఒకసారి చదివి పెట్టుకోండి.

ఎండాకాలానికి వేరే ప్రొఫైల్

కూలర్ కార్డుని ఇన్ని డిగ్రీల దగ్గర ఉంచుతానని మాటివ్వదు. గది వేడి కంటే ఇన్ని డిగ్రీలు పైన ఉంచుతుంది, అంతే. జనవరిలో గది 24 డిగ్రీలున్నప్పుడు కార్డు 66 దగ్గర ఆగిందంటే, మే నెలలో రామగుండంలోనో రెంటచింతలలోనో ఏసీ లేని గది 38కి చేరినప్పుడు అదే లోడ్‌లో అది 80 దగ్గరికి వస్తుంది. వేడెక్కిన చిప్‌కి అదే క్లాక్‌కి కాస్త ఎక్కువ వోల్టేజ్ కావాలి. కాబట్టి చలికాలంలో రాయిలా నిలబడ్డ సెట్టింగ్ ఏప్రిల్ మధ్యాహ్నం క్రాష్ కావడంలో వింతేమీ లేదు.

అందుకే రెండు ప్రొఫైల్‌లు ఉంచుకోండి. చలికాలానిది మొదటి నంబర్. రెండోదానిలో అదే వోల్టేజ్ దగ్గర క్లాక్ రెండు మూడు మెట్లు, అంటే 30 నుంచి 45 తక్కువ, మెమరీ 100 తక్కువ, ఫ్యాన్ కర్వ్ 5 శాతం ఎక్కువ. మార్చి చివర్లో రెండోదానికి మారి, వర్షాలు పడ్డాక మొదటిదానికి రండి. కంపెనీ కూలర్‌తో నడిచే ఈ కార్డులకి నేను 75 డిగ్రీల లోపు బాగుందంటాను. ఎండల్లో 80 వరకు ఫర్వాలేదు. ఫ్యాన్ పూర్తిగా తిరుగుతున్నా 83 దాటుతుంటే ఓవర్‌క్లాక్ తీసేసి, దుమ్ము, పేస్ట్, కేబినెట్ గాలి మళ్లీ చూసుకోండి. చిప్ తనని తాను కాపాడుకుంటుంది, దాని పక్కనున్న మెమరీకి, వోల్టేజ్ భాగాలకి ఆ తెలివి అంతగా లేదు.

గ్రాఫిక్స్ డ్రైవర్ అప్‌డేట్ చేసిన ప్రతిసారీ ముందు ప్రొఫైల్ ఆపి, అప్‌డేట్ అయ్యాక హెవెన్ ఒకసారి నడిపి, స్కోర్ పాతదానికి దగ్గరగా ఉందో లేదో చూసి మళ్లీ ఆన్ చేయండి. కొత్తగా గేమ్ క్రాష్ అయితే కూడా మొదట చేయాల్సింది ఇదే: ప్రొఫైల్ ఆపేసి ఆడి చూడటం. అప్పుడూ క్రాష్ అవుతుంటే తప్పు ఓవర్‌క్లాక్‌ది కాదు, గేమ్‌లోనో డ్రైవర్‌లోనో వెతకాలి.